తోడు నడిచిన మనిషి

"నడిస్తే జబ్బులు తగ్గిపోయేటట్టయితే పోస్ట్‌మ్యాన్‌కి చావే ఉండకూడదు," అన్నాడు కళ్ళజోళ్ళ కొట్టాయన, భార్య గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ ఉంటే.

ఆ ఇంట్లో ఆమె నడకకి ఓటు వేసింది అత్తగారొక్కతే. "వెళ్ళనివ్వరా దాన్ని. కాళ్ళకి పని చెబితే తలకి సెలవు దొరుకుతుంది," అంది మంచం మీంచే. ఆవిడ మోకాళ్ళు మొరాయించి చాలాకాలమైంది. కొడుకు ఇంకో మాట అనబోయి, తల్లి చూపు చూసి, తుడుస్తున్న కళ్ళజోడు వైపు తిరిగాడు.

బయల్దేరుతున్న ఆమెని ఆఫీసులో అందరూ ఓదార్పక్క అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆమె పనిచేసేది లిఫ్టుల కంపెనీలో. ఏ బిల్డింగులోనైనా వాళ్ళ లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలున్నవాళ్ళు ఎర్ర బటన్ నొక్కుతారు. అది మోగేది ఆమె చెవిలో. మెకానిక్ వచ్చి తలుపు తీసేదాకా వాళ్ళని మాటల్లో పెట్టడమే ఆమె ఉద్యోగం. ఏడ్చేవాళ్ళుంటారు, బూతులు తిట్టేవాళ్ళుంటారు, ఉన్నట్టుండి చిన్నప్పటి సంగతులు మొదలుపెట్టేవాళ్ళుంటారు. అందరికీ ఒకటే మాట చెప్పేది: "నిదానంగా ఊపిరి తీసుకోండి. నేనిక్కడే ఉన్నాను. ఎక్కడికీ పోను." ఏళ్ళ తరబడి ఆ మాట చెప్పింది, ఏళ్ళ తరబడి నిలబెట్టుకుంది.

తర్వాత పైవాళ్ళకి తెలివి పెరిగింది. ఒక్కో కాల్‌కి ఇంతే సమయం అని కంప్యూటర్ తెరమీద గడియారం పెట్టారు. గడువు దాటితే తెర ఎర్రబడుతుంది, వెనక నుంచి సూపర్‌వైజర్ బూట్ల చప్పుడు వినిపిస్తుంది. ఒకరోజు ఓ ముసలాయన ఇరుక్కుపోయాడు. పాపం, ఊపిరి అందక ఎగపోస్తున్నాడు. అదే సమయానికి ఇంకో చోట ఓ చిన్నపిల్ల. తెర ఎర్రబడింది, బూట్లు వచ్చాయి, "ముసలాయన లైన్ కట్ చెయ్యి, పిల్లని తీసుకో," అని ఆర్డరు. "వెళ్ళకమ్మా," అంటున్నాడు ఆయన. ఆమె కట్ చేసింది. ముసలాయనకి ఏమీ కాలేదు, మెకానిక్ వచ్చి తీస్తే మంచినీళ్ళు తాగి ఇంటికి పోయాడు. అయింది ఈమెకి. పిల్లతో మాట్లాడదామని నోరు తెరిస్తే గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. మాట రాలేదు. ఊపిరీ రాలేదు. హెడ్‌సెట్ తలకుండగానే కుర్చీలోంచి కిందికి జారిపోయింది.

ఆ రోజు నుంచి సెలవులో ఉంది. తలుపు మూస్తే గుండె దడ. స్నానాల గది గడియ కూడా వేసుకోలేదు, బయట అత్తగారు పాట పాడుతూ కాపలా ఉండాలి. ఫోను మోగితే దిండు కింద దూర్చేస్తుంది. లిఫ్టులవాళ్ళ సొమ్ము తిని లిఫ్టుని చూసి పారిపోయే మనిషయింది.

డాక్టరు మందులు రాసి, చివర్లో చీటీ మీద లేని మాట ఒకటి చెప్పింది. "నడవండి. పార్కులో చుట్లు కొట్టడం కాదు, కూరగాయలకి వెళ్ళడం కాదు. ఎక్కడికో తెలియకుండా నడవండి. పనిమీద నడిచారా, ఈ మందు పనిచెయ్యదు."

ఎక్కడికో తెలియకుండా నడవడం అంటే వినడానికి సులువే. జీవితమంతా పనిమీదే నడిచిన మనిషికి అది చేతకాదు. మొదటిరోజు వీధి చివరిదాకా పోయి, ఇక్కడిదాకా వచ్చాను కదా అని సబ్బు కొనుక్కుని తిరిగొచ్చింది. అప్పుడు ఆదుకున్నది పక్కకుర్చీ.

ఆఫీసులో ఓదార్పక్క పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయి కాబట్టి పక్కకుర్చీ. ఓ లాండ్రీ మేడమీద గదిలో ఒంటరిగా ఉంటుంది. పని నేర్పింది ఓదార్పక్కే, ఎవరైనా ఏడిస్తే తనూ ఏడ్చేయకుండా ఉండడం నేర్పింది కూడా ఆమే. "నేనొస్తానక్కా, నాకూ ఆ గదిలోంచి బయటికొస్తే చాలు," అని సాయంత్రం డ్యూటీ దిగగానే వచ్చేది. ఫోన్లు ఇంట్లో పడేయాలని, మలుపు వచ్చినప్పుడల్లా ఎటు తిరగాలో ఒకసారి తను, ఒకసారి అక్క చెప్పాలని, చెప్పేముందు ఆలోచించకూడదని షరతులు పెట్టింది కూడా ఆ పిల్లే.

"కాలుగాలిన పిల్లుల్లా ఇద్దరూ ఊరంతా తిరుగుతున్నారు," అనేవాడు కళ్ళజోళ్ళాయన. అననీ. పుట్టినప్పటి నుంచీ ఉన్న ఊళ్ళో ఆమె చూడని వీధులు ఎన్నున్నాయో అప్పుడే తెలిసింది. ఓ సందులో తలుపులన్నీ ఒకే పచ్చరంగు. ఎందుకని అడిగితే, పెయింటరుకి డబ్బా మిగిలిపోయిందట, పారబొయ్యడానికి మనసొప్పక అందరికీ వేసేశాడట. ఓ మంగలి తన కుర్చీలో తనే నోరు తెరిచి నిద్రపోతున్నాడు, గిరాకీ వచ్చినవాడు లేపకుండా బెంచీ మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఓ మేడమీద ఎవరో వయొలిన్ నేర్చుకుంటున్నారు. ఎప్పుడెళ్ళినా అదే చోట తప్పు. అక్కడ తప్పుతుందని తెలిసి ఇద్దరూ కింద నిలబడి ఎదురుచూసేవాళ్ళు. తప్పగానే పగలబడి నవ్వేవాళ్ళు.

నడుస్తూంటే ఎవరూ ఎవరి మొహం చూడరు కదా, అందుకేనేమో మాటలు తమంతట తామే వచ్చేవి. ముసలాయన సంగతి భర్తకి కూడా పూర్తిగా చెప్పలేదు ఓదార్పక్క, పక్కకుర్చీకి చెప్పింది. "వెళ్ళకమ్మా అన్నాడే! ఎక్కడికీ పోనని చెప్పిన నోటితోనే కట్ చేశాను," అని నడిరోడ్డు మీద ఏడ్చింది. ఆ పిల్ల తన పైటకొంగు అందించింది. మెల్లగా ఆకలి వచ్చింది, నిద్ర వచ్చింది. ఓ పొద్దున స్నానాల గదిలోంచి గడియ చప్పుడు విని అత్తగారు పాట ఆపేసి, "ఒరేయ్, గడియ వేసుకుందిరా!" అని కొడుకుని కేకేసింది.

ఇంక ఒక్కటే చిక్కు. ఆఫీసులో కొత్తవాళ్ళకి పని నేర్పే ట్రైనింగ్ గది ఉంది. పెద్ద కిటికీలు, తెరిచి ఉండే తలుపు, గడియారం లేదు, హెడ్‌సెట్ లేదు. అక్కడ నేర్పే పెద్దావిడ రిటైరవుతోంది. ఓదార్పక్క జబ్బు ఉద్యోగం వల్లే వచ్చిందని కంపెనీ ఒప్పుకుంటే ఆ చోటు ఆమెకి ఇస్తారు. ఒప్పుకోకపోతే మళ్ళీ హెడ్‌సెట్ కుర్చీయే, లేదా ఇంటికే. కళ్ళజోళ్ళ కొట్టు మీద ముగ్గురు బతకలేరు, ఆ కుర్చీలో ఈమె బతకలేదు. పైవాళ్ళు ఇంకా తేల్చలేదు. "నీకు కాక ఎవరికిస్తారక్కా? ఆ గది నీదే," అనేది పక్కకుర్చీ.

ఓ సాయంత్రం మలుపు పక్కకుర్చీ వంతు. ఎడమకి అంది. ఆ వీధి చివర ఓ ఎత్తయిన బిల్డింగు. "మా మేనత్త వాళ్ళు ఇందులోనే ఉంటారక్కా. టెర్రస్ మీంచి ఊరంతా కనిపిస్తుంది. వెళ్దామా?" అంది. మెట్లకి రంగు వేస్తున్నారు, తడి ఆరలేదని అడ్డంగా తాడు కట్టారు. మిగిలింది లిఫ్టు. తలుపు మీద తమ కంపెనీ గుర్తు.

"వద్దులే," అంది ఓదార్పక్క. వెనక్కి రెండడుగులు వేసింది.

"నేనున్నాగా. చెయ్యి పట్టుకో. మధ్యలో దిగిపోదాం కావాలంటే."

ఎక్కింది. పక్కకుర్చీ బటన్లున్న పలకకి వీపు ఆనించి, రెండు చేతులూ పట్టుకుని ఎదురుగా నిలబడింది. తలుపు మూసుకుంది. కాళ్ళ కింద నేల పైకి నెట్టింది. ఓదార్పక్క కళ్ళు మూసుకుని తన మాట తనకే చెప్పుకుంది: నిదానంగా ఊపిరి తీసుకోండి, నేనిక్కడే ఉన్నాను. ఊపిరి వచ్చింది! ఇంకోసారి తీసుకుంది, అదీ వచ్చింది. కళ్ళు తెరిస్తే ఎదురుగా పక్కకుర్చీ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నవ్వుతోంది. అంతే, ఈమెకి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోలేని నవ్వు. ఆ ఊపులో, ఆఫీసులో తన సంగతి చూసే పెద్దాఫీసర్ ముక్కుగొంతు పెట్టి, "ఏమ్మా, అసలు మీకు జబ్బేంటి?" అంది. వెంటనే తన గొంతుతో, "జబ్బూ లేదు గిబ్బూ లేదు సార్, అంతా నాటకం! ఊరంతా తిరుగుతున్నాను, రాయిలా ఉన్నాను!" అని అరిచి, పొట్ట పట్టుకుని నవ్వింది.

పైన గాలి హోరుమని వీస్తోంది. నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన బట్టలు, దీపాలు వెలుగుతున్న వీధులు. ఏ వీధిలో ఎప్పుడు నడిచారో వేలుపెట్టి చూపించుకున్నారు. దిగేటప్పుడు కూడా ఆమే లిఫ్టు పిలిచింది. ఇంటికెళ్ళి భర్తకి చెబితే ఆయన చేతిలో ఉన్న కళ్ళజోడు కింద పడేశాడు. "రేపట్నుంచి నేనూ నడుస్తా," అన్నాడు.

తర్వాతి వారమే ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది.

పెద్దాఫీసర్ మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు, ఆమె అడక్కుండానే గది తలుపు తెరిచి ఉంచాడు. "ఒక కాల్ వినిపిస్తాను, అది మీ గొంతేనేమో చెప్పండి," అన్నాడు.

మొదట గరగర. తర్వాత ఒక ఊపిరి, ఇంకో ఊపిరి. తర్వాత నవ్వు. "జబ్బూ లేదు గిబ్బూ లేదు సార్, అంతా నాటకం!"

వేల గొంతులు విన్న ఆమెకి తన గొంతు పోల్చుకోవడానికి క్షణం పట్టింది. ఇంత బావుంటుందా తన నవ్వు అనిపించింది ముందు. ఆ తర్వాత ఒళ్ళు చల్లబడింది.

గోడలకు చెవులుంటాయని ఊళ్ళో అందరికీ తెలుసు. లిఫ్టుకి చెవి ఉంటుందని ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు, ఆ చెవి ఆమెదే కాబట్టి. ఎర్ర బటన్ పిల్లలు ఆటకి నొక్కుతారు, సామాన్లు తగిలి నొక్కుకుంటుంది, లోపలివాళ్ళ కబుర్లన్నీ కంట్రోల్ రూముకి వినిపిస్తాయి. ఇటునుంచి పలకరించకుండా, పొరపాటు కాల్ అని రాసుకుని, చప్పుడు ఆగేదాకా వినాలని రూలు. అన్నీ రికార్డవుతాయి. ఇన్నేళ్ళూ వినడమే తప్ప వినిపించడం ఎరగని మనిషి, తను కూడా లోపలే ఉన్నానని మరిచిపోయింది. ఈ తప్పు వేరే ఎవరు చేసినా ఆమె నవ్వి ఉండేది.

"సరదాకి అన్నాను సార్. చాలా రోజులకి ఎక్కగలిగాను, ఆ సంతోషంలో..."

"ఉండొచ్చమ్మా. కానీ లిఫ్టు ఎక్కలేనని, గొంతు రాదని కదా మీరు రాసిచ్చారు. దీన్ని పైవాళ్ళకి నేనేమని చెప్పను?"

"పొరపాటున నొక్కుకుని ఉంటుంది," అంది, ఎవరినో కాపాడుతున్నట్టు. "ఇలాంటివి రోజూ బోలెడు వస్తాయి. ఎవరూ మళ్ళీ వినరు కదా సార్. మీదాకా ఎలా వచ్చింది?"

ఆయన గ్లాసు జరిపాడు. "ఇది వినండి అని ఒకరు చెప్పారు. ఎవరని అడక్కండి."

అడగాల్సిన పనేముంది? లిఫ్టులో ఉన్నది ఇద్దరు. తను చెప్పలేదు.

తిన్నగా లాండ్రీ మేడమీదికి వెళ్ళింది. ఇన్ని నెలల్లో పనిమీద నడవడం అదే మొదటిసారి. పక్కకుర్చీ తలుపు తీసి మొహం చూడగానే గుమ్మానికి జారబడింది. కింద ఇస్త్రీపెట్టెల వేడి మెట్లమీదుగా పైకి కొడుతోంది.

"వీపు తగిలి నొక్కుకుందని చెప్పు," అంది ఓదార్పక్క. "చెప్పవే. నమ్మేస్తాను, వెళ్ళిపోతాను."

"తగిలే నొక్కుకుందక్కా." ఆ పిల్ల గొంతు పీలగా ఉంది. "ముందు చూసుకోలేదు. ఎర్ర బటన్ బల్బు వెలిగింది, ఓరగా చూశాను. జరగాలి కదా. జరగలేదు."

"ఆఫీసర్‌కి చెప్పింది?"

"నేనే."

"ఎందుకే?"

 పక్కకుర్చీకి మాట కట్ట తెగినట్టు వచ్చింది. "నాకు రాత్రిళ్ళు బెల్లు మోగుతుందక్కా, చెవిలో. మొన్న డ్యూటీలో ఓ మనిషి ఏడుస్తుంటే మ్యూట్ నొక్కి గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నా. నువ్వు పడిపోయావు కాబట్టి అందరూ చూశారు. సెలవిచ్చారు, డాక్టర్ని చూపించారు. నేను పడిపోలేదు, అదే నా తప్పయింది. ఉన్నది ఒకటే ట్రైనింగ్ గది. నీకైనా రావాలి, నాకైనా రావాలి. నీకు తగ్గిపోయిందక్కా! నా కళ్ళారా చూశాను, లిఫ్టులో. నీకు తగ్గింది, నాకు తగ్గలేదు. అందుకే చెప్పా."

"నాతో అనొచ్చుగా. ఇన్ని వీధులు తిరిగాం. ఒక్క సందులోనైనా నోరు తెరిచి, అక్కా నాకూ బాగోలేదు అని అనొచ్చుగా."

"అంటే ఆ గది వదిలేసేదానివా?"

 ఆ మాట ఓదార్పక్కని ఇంకా మండించింది. "మరి ఆ నడకలో? అవన్నీ?"

"అవి నిజమేనక్కా. ఒట్టు."

"అదే నేను భరించలేకపోతున్నాను. మొదటినుంచీ మోసమే అయితే నాలుగు తిట్టి, చేతులు దులుపుకుని పోయేదాన్ని. నా మందు నువ్వేనే. నువ్వు ఇచ్చిన మందునే నామీద సాక్ష్యం పెట్టావు. రేపు నేను ఎవరితో నడవను? ఎవరితో నడిచినా వీళ్ళ వీపు దేనికి ఆనుకుందో అని చూసుకుంటూ నడవాలి కదా!"

పక్కకుర్చీ ఏడుస్తోంది. ఎవరైనా ఏడిస్తే ఓదార్పక్క నోట దానంతట అదే వచ్చే మాట ఒకటుంది. అది నాలిక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి మింగేసి మెట్లు దిగింది.

జబ్బు నిజమో నాటకమో పైవాళ్ళు తేల్చలేదు, తేల్చాల్సిన అవసరం తీరిపోయింది. పనిలోకి రాదగినట్టే ఉందని నిర్ణయించారు. కళ్ళజోళ్ళాయన మానెయ్యమన్నాడు, తర్వాత తల్లి మందుల సీసాల వైపు చూసి ఊరుకున్నాడు. ఆయనా నడుద్దామని ఓ సాయంత్రం చెప్పులు వేసుకుని నిలబడ్డాడు. "కాళ్ళు నొప్పిగా ఉన్నాయండీ," అంది ఆమె. కాళ్ళు బాగానే ఉన్నాయి. బయటికెళితే ప్రతి మలుపులో ఆ పిల్లే గుర్తొస్తుంది, ఆమెకి అదే నొప్పి.

ఎక్కువకాలం సెలవులో ఉండి వచ్చినవాళ్ళు హెడ్‌సెట్ పెట్టుకునే ముందు కొత్తవాళ్ళతో కలిసి ట్రైనింగ్‌లో కూర్చోవాలని ఆ ఆఫీసులో పద్ధతి. ఎంత పాతవాళ్ళయినా సరే. ఓదార్పక్క వెళ్ళి చివరి వరసలో కూర్చుంది. పెద్ద కిటికీలు, తెరిచి ఉన్న తలుపు. కొత్తగా చేరిన ఆడపిల్లలు గుసగుసలాడుకుంటున్నారు. బోర్డు దగ్గర పక్కకుర్చీ నిలబడి ఉంది. చివరి వరస చూసి చేతిలో ఉన్న సుద్ద కింద పెట్టింది, మళ్ళీ తీసుకుంది.

పాఠం మొదలైంది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, అన్నీ ఓదార్పక్క నేర్పినవే. గొంతు పెంచకూడదు, ముందు పేరు అడగాలి, ఎక్కడికీ పోనని చెప్పాలి. తర్వాత మాదిరి కాల్స్ వినిపించాలి. అవి పైనుంచి ఎంపిక చేసి పంపినవి. మొదటిది ఇరుక్కుపోయిన పెళ్ళివారు, రెండోది కుక్కపిల్లతో ఉన్న అబ్బాయి. "ఇప్పుడు పొరపాటు కాల్ ఎలా ఉంటుందో వినండి," అని పక్కకుర్చీ మూడోది నొక్కింది.

గరగర. ఒక ఊపిరి. ఇంకో ఊపిరి.

పక్కకుర్చీ వేలు ఆపే బటన్ మీదికి వెళ్ళింది. చివరి వరస వైపు చూసింది. ఓదార్పక్క కూడా ఆ వేలినే చూస్తోంది. ఒక్కసారి నొక్కితే చాలు. ఆపితే పిల్లలు ఎందుకు ఆపారని అడుగుతారు, అడిగితే ఏదో చెప్పాలి, కొత్త ఉద్యోగం. వేలు అక్కడే ఉండిపోయింది, కిందికి దిగలేదు.

నవ్వు వచ్చింది. గదినిండా వచ్చింది. "జబ్బూ లేదు గిబ్బూ లేదు సార్, అంతా నాటకం!" ఆడపిల్లలంతా ఘొల్లున నవ్వారు. నవ్వుకి నవ్వు అంటుకుని ఆగడం లేదు. ముందు వరసలో పిల్ల కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగి, "ఎంత హాయిగా నవ్వుతోందండీ ఆవిడ! ఒక్క బాధ కూడా ఉన్నట్టు లేదు," అంది.

"పక్కన తోడుందనుకుంది," అంది ఓదార్పక్క.

మాట స్పష్టంగానే వచ్చింది, బోర్డుదాకా వినిపించింది. పక్కకుర్చీ తల దించుకుని, గొంతు సవరించుకుని, "తర్వాతి కాల్ వినండి," అంది.